కీళ్లవాతం మాత్రల అరుదైన ముప్పు: రోగికి ముందే చెప్పాలా, వద్దా?

తిరుచానూరు రోడ్డు:
మా అమ్మకి కీళ్లవాతం. రెండు నెలలుగా మెథోట్రెక్సేట్ వాడతాంది. డబ్బాలో కాగితం చదివితే లివరు, ఊపిరితిత్తులు, రక్తకణాలు అని చేంతాడంత ఉంది. డాక్టరు మాత్రం "వారానికొకటి వేసుకోమ్మా" అని పంపించేసినాడు. ఎంత అరుదైనా ముందే చెప్పొద్దా?

పలమనేరు సంత:
అన్నీ చెప్తే ఒక్కరూ మింగరు సామీ. మా అత్తకీ కీళ్లవాతమే, హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్రలు ఇచ్చినారు. చూపు పోతాదని ఎవరో అంటే ఆపేసింది. ఇప్పుడు వేళ్లు వంకర తిరిగి సంగటి ముద్ద కూడా తుంచలేదు.

మందుల చీటీ:
పలమనేరన్నా, ముందే చెప్పాలనేది నా వాదన, నువ్వు చెప్పింది దానికే సాక్ష్యం. ఆమెకి సగమే తెలిసింది, అందుకే ఆపేసింది. ఆ మందుతో కన్ను చెడేది ఎక్కువగా ఏళ్ల తరబడి వాడినాకే. బరువులో కిలోకి రోజుకి 5 మి.గ్రా. దాటకుండా, మొదట్లో ఒకసారి, 5 ఏళ్ల తర్వాత ఏటా కంటి పరీక్ష చేయించుకుంటే ముందే పట్టేయొచ్చు. ఈ రెండు ముక్కలు ఎవరన్నా చెప్పినారా?

నేను చిత్తూరులో మందులషాపులో కూర్చుంటా. ఒక పెద్దాయన నోటిపూతకి మాత్రలిమ్మని వచ్చినాడు. మజ్జిగ కూడా దిగడం లేదంట. చేతిలో మెథోట్రెక్సేట్ అట్ట, ఆరు గుంతలు ఖాళీ. వారం మాత్రని బీపీ మాత్రతో కలిపి రోజూ మింగినాడు! ఎముక మూలుగలో రక్తం తయారవడమే ఆగిపోతాది దాంతో. వెంటనే పెద్దాసుపత్రికి పంపినా, విరుగుడుగా ల్యూకోవోరిన్ ఇచ్చి నిలబెట్టినారు. ఇది అరుదైన సైడ్ ఎఫెక్ట్ కాదు, చెప్పకపోవడం. అప్పటినుంచి అట్ట మీద పెన్నుతో "శనివారం" అని రాసిస్తాండా. వెంకన్న వారం, మనోళ్లు మరిచిపోరు.

పలమనేరు సంత:
సరే, ఓపీలో నూరుమంది నిలబడి ఉంటే డాక్టరు ఎంతని చెప్తాడు?

మందుల చీటీ:
కాగితమంతా చదవమనలా. నోట్లో పుండ్లు, జ్వరం, పొడిదగ్గుతో ఆయాసం వస్తే మాత్ర ఆపి రమ్మనాల. ఇంకో డాక్టరు కోట్రైమాక్సజోల్ అనే యాంటీబయాటిక్ రాస్తే, రెండూ కలిస్తే ప్రమాదం కాబట్టి, మెథోట్రెక్సేట్ వాడతాన్నానని చెప్పమనాల. నిమిషం పట్టదు.

తిరుచానూరు రోడ్డు:
అన్నా, అమ్మకి పది రోజులుగా పొడిదగ్గు. మెట్లెక్కితే రొప్పుతాంది. దుమ్మనుకున్నాం.

మందుల చీటీ:
ఈ శనివారం మాత్ర వేయొద్దు. పొద్దున దాకా ఆగొద్దు, ఇప్పుడే క్యాజువాల్టీకి తీసుకపో. మాత్ర అట్ట కూడా చేతిలో పెట్టుకో.