ఏడేళ్లు దాటితే సోమరి కంటికి పట్టీ దండగేనా?

తుంగభద్ర_కర్నూలు: సోమరి కన్ను (అంబ్లయోపియా) అంటే మెదడు ఒక కంటి చూపును సరిగా వాడుకోకపోవడం; దాన్ని పనిచేయించడానికి బాగున్న కంటికి పట్టీ కడతారు. ‘ఏడేళ్లు దాటింది, ఇక పట్టీ కట్టినా లాభం లేదు’ అని తల్లిదండ్రులను తిప్పి పంపడం మన వైపు మామూలైపోయింది. అడిగితే హ్యూబెల్, వీజెల్ అనే శాస్త్రవేత్తల పిల్లికూనల ప్రయోగాలు చెబుతారు. 1960ల్లో కూన ఒక కంటి రెప్పలు కుట్టేస్తే, విజువల్ కార్టెక్స్‌లో (మెదడులో చూపును చూసుకునే భాగం) కణాలు దాదాపు అన్నీ తెరిచిన కంటికే పలికాయి. కన్ను మూస్తే మెదడు ఇలా మారిపోయే గడువు పిల్లికి నాలుగో వారం నుంచి సుమారు మూడు నెలల దాకా. దాన్నుంచి మనిషికి ఏడేళ్ల గీత ఎట్లా వచ్చిందప్పా?

పెన్నా_ఆప్టో (అనంతపురం): గీత చెరిపేస్తే ఇంకా ఆలస్యం చేస్తారు సార్. సోమరి కంటికి దారితీసే మెల్లకన్నును అదృష్టమని ఊరుకునే ఇళ్లు పల్లెల్లో ఇప్పటికీ ఉన్నాయి. పుట్టుకతో ఒక కంట్లో శుక్లం ఉంటే ఆరు వారాల్లోపు తీయాలి. అక్కడ ఏడేళ్లన్న మాటే ప్రమాదం.

కడప_న్యూరో: ఇద్దరూ చెప్పేది వేర్వేరు జబ్బుల గురించి. చూపు దారి వేసేది వెలుతురు కాదు. కళ్లు తెరవక ముందే రెటీనాలో కణాలు అలలుగా వాటంతటవే మోగుతాయి. పక్కపక్క కణాలు కలిసి, కుడి ఎడమ కళ్లు వేర్వేరు సమయాల్లో. ఆ తేడాతోనే థాలమస్‌లో (కంటి నుంచి కార్టెక్స్‌కు మధ్య మజిలీ) రెండు కళ్ల తీగలు పొరలుగా విడిపోతాయి. కోతిపిల్లకైతే కార్టెక్స్‌లో కుడి కంటికీ ఎడమ కంటికీ విడివిడి చారలు కూడా పుట్టేసరికే ఉంటాయి. పుట్టాక జరిగేది పోటీ. ఒక కన్ను మూస్తే దాని జాగా రెండోది ఆక్రమిస్తుంది. రెండూ మూస్తే ఆక్రమించేవాళ్లే లేరు, అందుకే అంత ఏకపక్ష నష్టం ఉండదు. శుక్లం ఒక కంట్లోనే ఉన్నప్పుడు తొందర ఎక్కువ అనడం ఇందుకే.

తుంగభద్ర_కర్నూలు: మరి గడువు మూసేది వయసేనా?

కడప_న్యూరో: వయసొక్కటే కాదు. చీకట్లో పెంచిన కూనల్లో గడువు వెనక్కి జరుగుతుంది. గాబా (మెదడు కణాలను అదుపు చేసే రసాయనం) తయారుచేసే ఒక ఎంజైమ్ లేని చిట్టెలుకల్లో అది మొదలే కాదు, గాబా ప్రభావాన్ని పెంచే డయజెపామ్ మందు ఇస్తే మొదలైంది (1998). పెద్ద ఎలుకల్లో కణాల చుట్టూ ఉండే వలను కరిగిస్తే పోటీ మళ్లీ మొదలైంది (2002). ఇది తలుపు మూయడం కాదు, బ్రేకు వేయడం.

పెన్నా_ఆప్టో: ఎలుక సరే, పిల్లల మాట చూడండి. 2005లో 7 నుంచి 17 ఏళ్ల 507 మందిపై అమెరికాలో జరిగిన ట్రయల్‌లో, 7-12 వాళ్లకు అద్దాలతో పాటు పట్టీ, అట్రోపిన్ (బాగున్న కంటి చూపును మసకబరిచే చుక్కల మందు) ఇస్తే 53 శాతం మందికి చార్టులో రెండు వరుసలైనా మెరుగైంది. అద్దాలొక్కటే ఇస్తే 25. అయినా చాలామందికి ఆ కన్ను పూర్తిగా మామూలు కాలేదు. దండగ అనను, ‘నయమైపోతుంది’ అనీ రాయను.

తుంగభద్ర_కర్నూలు: అంతేగా నేనడిగేది! తిప్పి పంపొద్దనే.

పెన్నా_ఆప్టో: పంపకపోతే సరిగ్గా కట్టించండి మరి. ముందు అద్దాలు, కొన్ని వారాలు వాటితోనే చూడాలి. మిగిలిన లోపానికే పట్టీ. ఏడేళ్లలోపు, సోమరి కంటి చూపు 6/12 నుంచి 6/24 మధ్య (అంటే మామూలు కన్ను 12 నుంచి 24 మీటర్ల దూరంలో చదివేది ఆ కన్ను 6 మీటర్లలోనే చదవగలిగితే) ఉంటే రోజుకు రెండు గంటలు ఆరు గంటలంత పని చేస్తాయి. అద్దం మీద అంటిస్తే పిల్లలు సందులోంచి తొంగిచూస్తారు, చర్మానికే అంటించాలి. మన ఎండలకు చెమటపట్టి ఊడుతుంది, కాబట్టి పొద్దున్నే కట్టి చదువో రాతో చేయించండి. ప్రతిసారీ బాగున్న కన్నూ కొలవాలి. ఎక్కువ మూస్తే దాని చూపే తగ్గొచ్చు.

కడప_న్యూరో: ఐదో వారంలో కుట్లు మార్చి రెండో కన్ను మూస్తే పిల్లి కార్టెక్స్ అటు నుంచి ఇటు తిరిగిపోయింది, ఇదీ అదే.

తుంగభద్ర_కర్నూలు: 13 దాటినవాళ్లకు?

పెన్నా_ఆప్టో: అదే ట్రయల్‌లో మొత్తమ్మీద చికిత్స ఇచ్చినవాళ్లలో 25, అద్దాలొక్కటే ఇచ్చినవాళ్లలో 23 శాతం మందికి మెరుగైంది, తేడా లేనట్టే. ముందెప్పుడూ చికిత్స తీసుకోనివాళ్లను విడిగా చూస్తే 47, 20. కాబట్టి ‘ఇదివరకు పట్టీ కట్టారా’ అన్నది కేసు షీట్‌లో వయసు పక్కనే రాసుకోండి.