ఆగస్టులో కెన్యా: ముందుగా ఏం చూసుకోవాలి?

ప్రశ్న: హైదరాబాద్ నుంచి నైరోబీ, అక్కడి నుంచి మసాయి మారా (వన్యమృగాల పార్కు) వెళ్తున్నాం, నలుగురం. వీసా, టీకాలు, డబ్బు సంగతి తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు 1: వీసా లేదండీ, 2024 జనవరి నుంచి ఆన్‌లైన్‌లో తీసుకునే ఈటీఏనే, అంటే ముందస్తు ప్రయాణ అనుమతి. పిల్లలకూ విడిగా తీయాలి. అసలు చిక్కు తిరుగు ప్రయాణంలో. ఎల్లో ఫీవర్ టీకా వేయించుకున్నట్టు చూపే కార్డు లేకుండా కెన్యా నుంచి దిగితే మన ఎయిర్‌పోర్టులోనే క్వారంటైన్‌లో పెడతారు, 6 రోజుల దాకా. సూది వేయించుకున్న 10 రోజులకు గానీ కార్డు చెల్లదు, కాబట్టి చివరి వారానికి వాయిదా వేయకండి. నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. కార్డు మీద పేరు, పాస్‌పోర్టు నంబరు అక్కడే సరిచూసుకోండి. ఒకసారి వేయించుకుంటే జీవితాంతం చెల్లుతుంది.

జవాబు 2: మారాకు మలేరియా మాత్రలు డాక్టర్ని అడిగి తీసుకోండి, వెళ్లే ముందే మొదలుపెట్టాలి. జూలై నుంచి డిసెంబరు దాకా పార్కు టికెట్ పెద్దవాళ్లకు రోజుకు 200 డాలర్లు. ప్యాకేజీలో అది కలిసి ఉందో లేదో రాతలో తీసుకోండి, గొడవలన్నీ అక్కడే.

జవాబు 3: అన్నా, అక్కడ ప్లాస్టిక్ కవర్లు నిషేధం. పచ్చళ్లు గుడ్డసంచిలో సర్దండి. నైరోబీలోని విల్సన్ ఎయిర్‌పోర్టు నుంచి మారాకు చిన్న విమానమైతే 15 కిలోలే, అదీ మెత్తటి బ్యాగులో. పాత డాలరు నోట్లు తీసుకోరు.