బొగ్గు తగ్గిపోయాక రైలు ఏం మోయాలి? రాయ్‌పూర్ రోడ్డు, విశాఖ పోర్టు, 2070 లెక్క

ప్రశ్న: గాజువాక అమ్మాయి

నమస్కారమండి. నేను ఏయూలో ఎంఏ ఎకనామిక్స్ రెండో సంవత్సరం. దేశానికి ముప్ఫై నలభై ఏళ్ళ రవాణా ప్రణాళిక ఎలా ఉండాలి, ఆదాయం పెరుగుతూనే కర్బన ఉద్గారాలు తగ్గాలంటే ఏం చేయాలి అన్నదాని మీద ప్రాజెక్టు రాస్తున్నాను. దొరికిన రిపోర్టులన్నీ చదివాను. రోజూ ఈ పనిలో ఉన్నవాళ్ళు ఏమంటారో వినాలని ఇక్కడ అడుగుతున్నాను.

నాకు అర్థమైనంతలో విషయం ఇదీ. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో దేశంలో కదిలే సరుకులో 80 శాతం పైనే రైల్లో వెళ్ళేది. ఇప్పుడది 30 శాతం లోపే. రవాణా రంగం వదిలే కార్బన్‌లో దాదాపు 90 శాతం రోడ్డు మీంచే వస్తోంది. 2020 డిసెంబరులో బయటికొచ్చిన జాతీయ రైలు ప్రణాళిక ముసాయిదా, 2030 కల్లా సరుకులో రైలు వాటాని 45 శాతానికి తేవాలంటుంది. 2021లో గ్లాస్గోలో మన దేశం 2070కి నెట్ జీరో, అంటే వదిలే కర్బనం కంటే వెనక్కి పీల్చుకునేది తక్కువ కాకుండా చూస్తామని మాట ఇచ్చింది.

స్విట్జర్లాండ్ వాళ్ళు చేసింది చదివితే నాకు చాలా ఆశ కలిగింది. ఆల్ప్స్ దాటే సరుకుని రైలెక్కించాలని 1994లో జనం ఓటేసి రాజ్యాంగంలో రాసుకున్నారు. 2001 నుంచి పెద్ద లారీల మీద బరువు, దూరం, పొగ చూసి ఫీజు వేశారు. ఆ డబ్బులో పెద్ద భాగం రైలు సొరంగాలకే పెట్టారు. 57 కిలోమీటర్ల గోథార్డ్ సొరంగం 2016లో తెరిచారు. 2000లో ఏడాదికి 14 లక్షల లారీలు కొండలు దాటేవి, ఇప్పుడు 10 లక్షల లోపు.

మన దగ్గర చూస్తే, రాయ్‌పూర్ నుంచి విశాఖ దగ్గరి సబ్బవరం దాకా సుమారు 465 కిలోమీటర్ల ఆరు వరుసల రోడ్డు వేస్తున్నారు. అటువైపే టిట్లాగఢ్–విజయనగరం మూడో రైలు లైను కూడా మంజూరైంది. రెండూ వచ్చేది మన పోర్టుకే. ఉన్న డబ్బంతా రైలుకే పెట్టి, లారీల మీద స్విస్ వాళ్ళలాగా ఫీజు వేస్తే సరిపోదా? మా ఇల్లు హైవేకి దగ్గర. రాత్రంతా లారీలు వెళ్తూనే ఉంటాయి, తాతయ్యకి దగ్గు. అందుకే ఇది నాకు మార్కుల కోసం రాసే ప్రాజెక్టు మాత్రమే కాదు.

జవాబు: ఆటోనగర్ లారీ

చెల్లెమ్మా, తాతయ్యగారి దగ్గు సంగతి చదివి బాధేసింది. కానీ ఫీజు వేసే ముందు మా మాట కూడా విను.

నా బండ్లు పరవాడ, అచ్యుతాపురం నుంచి హైదరాబాద్ లైనులో తిరుగుతాయి. మందుల కార్టన్లు, కెమికల్ డ్రమ్ములు. పార్టీ సాయంత్రం ఫోన్ చేస్తే రాత్రికి బండి గేటు దగ్గర ఉండాలి, చెప్పిన రోజుకి అక్కడ దిగిపోవాలి. పది టన్నుల సరుకు పట్టుకుని రైల్వే వాళ్ళ దగ్గరికి వెళ్తే ఎవరు తీసుకుంటారు? వాళ్ళకి రేకు, అంటే ఒక గూడ్స్ బండి మొత్తం, నిండాలి. పోనీ ఎక్కించారే అనుకో, అటు స్టేషన్ నుంచి గోడౌన్‌కి మళ్ళీ లారీయే కావాలి. రెండుసార్లు ఎక్కించడం, రెండుసార్లు దించడం, హమాలీ ఖర్చు, మధ్యలో డ్యామేజీ.

మేమేమీ ఫ్రీగా తిరగడం లేదు. టోల్ కడుతున్నాం, డీజిల్ మీద పన్ను కడుతున్నాం, నేషనల్ పర్మిట్ కడుతున్నాం. పొగ తక్కువ వదిలే బీఎస్-6 బండి కొంటే ధరా ఎక్కువే, ఆ పొగని శుభ్రం చేసే యూరియా లిక్విడ్ ఖర్చు అదనం. ఈ లైన్లో ఒకటి రెండు బండ్లు ఉన్నవాళ్ళే ఎక్కువమంది, అందరికీ ఈఎంఐలే. వేరే దారి చూపించకుండా ఫీజు వేస్తే అది చివరికి పప్పు, ఉప్పు ధర మీదే పడుతుంది, పొగ అంతే ఉంటుంది.

దారి చూపిస్తే మాత్రం మేం రాకపోము. కొంకణ్ రైల్వేలో 1999 నుంచి లోడు లారీలనే ఫ్లాట్ వ్యాగన్ల మీదికెక్కించి తీసుకెళ్తున్నారు. డ్రైవర్ హాయిగా పడుకుంటాడు, డీజిల్ మిగులుతుంది, ఘాట్లో టైర్లు అరగవు. అలాంటిది మన వైపు పెట్టమను, మొదటి బండి నాదే. ఇంకో మాట, ఏ ప్రణాళికలోనూ రాయరు కాబట్టి చెబుతున్నా: డ్రైవర్లకి బండి ఆపుకునే చోటు, స్నానాల గదులు ఉండాలి. రోడ్డు పక్కన నిద్రపోయి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళని చూశాను.

జవాబు: వాల్తేరు కంట్రోల్, రిటైర్డ్

అమ్మా, నేను వాల్తేరు డివిజన్ కంట్రోల్ ఆఫీసులో గూడ్స్ బండ్లు నడిపించి రిటైరైన మనిషిని. లారీ తమ్ముడు చెప్పింది అక్షరాలా నిజం. రైల్వే మీద ప్రేమ ఉన్నవాణ్ణి కాబట్టే ఆ మాట నేను ఒప్పుకుంటున్నాను.

రైలు వాటా ఎందుకు పడిపోయిందో ముందు చూడు. ఒకప్పుడు ఒక్క వ్యాగన్ సరుకైనా బుక్ చేసేవాళ్ళు. యార్డుల్లో ఆ వ్యాగన్లని విడదీసి, మళ్ళీ కలిపి బండి తయారుచేసేవాళ్ళు. ఏ వ్యాగన్ ఎప్పుడు చేరుతుందో ఎవరికీ తెలిసేది కాదు. 1980ల్లో రైల్వే ఆ పద్ధతి వదిలేసి, నిండు రేకులు ఒక చోట ఎక్కి ఒక చోట దిగేలా మార్చింది. బొగ్గుకి, ఇనుప ఖనిజానికి అది చాలా మంచి నిర్ణయం. ఒక రేకంటే 58 వ్యాగన్లు, దగ్గర దగ్గర నాలుగు వేల టన్నులు. అదే సరుకు రోడ్డు మీద వెళ్తే రెండు వందల లారీలు. కానీ ఆ మార్పుతో చిన్న పార్టీలు రైల్వే గుమ్మం తొక్కడం మానేశాయి. ఆ తర్వాత దేశం సంపాదించుకున్నదంతా బరువు తక్కువ, విలువ ఎక్కువ ఉన్న సరుకులోనే: మందులు, బట్టలు, ఫ్రిజ్‌లు, మన రొయ్యలు. అందుకే టన్నులు పెరుగుతున్నా వాటా తగ్గుతోంది. 2012-13లో రైల్వే మోసిన సరుకు 100 కోట్ల టన్నులు దాటింది. పదేళ్ళకి 150 కోట్లు దాటింది. లోపల పనిచేసేవాళ్ళం ఏటా రికార్డు కొట్టాం అనుకునేవాళ్ళం, బయట వాటా జారిపోతూనే ఉంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. రైల్వే మోసే టన్నుల్లో దాదాపు సగం బొగ్గే. ప్రయాణ ఖర్చులో సగటున 57 శాతమే వసూలవుతోందని టికెట్ మీద అచ్చువేసేవాళ్ళు, నువ్వూ చూసే ఉంటావు. మిగతాది ఎవరు కడుతున్నారనుకుంటున్నావు? ఎక్కువ భాగం గూడ్స్ కిరాయి, అందులోనూ బొగ్గు. మనం పాసింజర్‌లో తక్కువ డబ్బుతో విజయనగరం వెళ్ళి వస్తున్నామంటే దాని వెనక బొగ్గు రేకులున్నాయి.

నెట్ జీరో అంటే ఆ బొగ్గు తగ్గాలి. తగ్గాల్సిందే, నేనూ అదే కోరుకుంటాను. కానీ బొగ్గు తగ్గిన రోజున రైల్వేకి సగం సరుకు పోతుంది, దానితో పాటు పేదవాడి టికెట్‌ని మోసే డబ్బూ పోతుంది. అంటే కరెంటు శాఖ తన లక్ష్యాన్ని ఎంత బాగా సాధిస్తే, రవాణా శాఖకి 45 శాతం లక్ష్యం అంత దూరం జరుగుతుంది. ఈ రెండు ప్రణాళికలూ ఒకే టేబుల్ మీద పెట్టి చూడాలి. నీ ప్రాజెక్టుకి గుండెకాయ ఇదే అని నా అభిప్రాయం.

లైన్ల సంగతి కూడా చెప్పాలి. హౌరా–చెన్నై మెయిన్ లైన్‌లో వందేభారత్, కోరమండల్, పాసింజర్లు, గూడ్స్ అన్నీ అవే పట్టాల మీద నడవాలి. కంట్రోలర్ ముందు బోర్డు మీద ఎక్స్‌ప్రెస్ వస్తుంటే గూడ్స్‌ని అనకాపల్లిలోనో తుని‌లోనో లూప్‌లో, అంటే పక్క లైన్లో, ఆపక తప్పదు. దేశం మొత్తం మీద గూడ్స్ బండి సగటు వేగం గంటకి 25 కిలోమీటర్ల దరిదాపుల్లోనే ఉంటుంది. మా వాళ్ళ చేతకానితనం కాదది, దారి లేక. ఉత్తరాదిన లూధియానా నుంచి సోన్‌నగర్ దాకా, పశ్చిమాన దాద్రి నుంచి ముంబై పోర్టు వైపు సరుకుకే ప్రత్యేకంగా లైన్లు వేశాక అక్కడ గూడ్స్ నడక మారింది. మన తీరానికి ఖరగ్‌పూర్–విజయవాడ కారిడార్ అని 2021 బడ్జెట్‌లో చెప్పారు. అది పట్టాలెక్కితే విశాఖ, గంగవరం, కాకినాడ మూడు పోర్టులూ బాగుపడతాయి. నీ ప్రాజెక్టులో దానికో పేజీ ఇవ్వు.

రైలు వల్ల పొగ ఎలా తగ్గుతుందో కేకే లైన్ (కొత్తవలస–కిరండూల్) చూస్తే తెలుస్తుంది. జపాన్‌కి ఇనుప ఖనిజం పంపడానికి 1960ల్లో వేసిన లైను అది. శిమిలిగుడ దగ్గర సముద్రమట్టానికి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తు. లోడు బండి కొండ దిగేటప్పుడు త్రీ ఫేజ్ ఇంజను బ్రేకు వేస్తే కరెంటు తిరిగి పై తీగలోకి వెళ్తుంది. దిగే బండి ఇచ్చిన కరెంటుతో ఎక్కే ఖాళీ బండికి కొంత సాయం. డీజిల్ లారీ ఘాట్ దిగుతూ ఆ శక్తినంతా బ్రేకు వేడిగా పోగొట్టుకుంటుంది.

గాజువాక అమ్మాయి

చాలా థాంక్సండి ఇద్దరికీ. బొగ్గు, టికెట్ లింకు నాకు ఒక్క రిపోర్టులోనూ ఇంత సూటిగా కనబడలేదు. అంకుల్, అయితే రాయ్‌పూర్ రోడ్డు వద్దంటారా? ఫీజు ఆలోచన పూర్తిగా వదిలేయమంటారా?

జవాబు: పాత పోస్టాఫీసు దగ్గరి ఇల్లు

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మాది పోర్టు పక్కనున్న వన్‌టౌన్. డాబా మీద ఆరేసిన బట్టల మీద, కిటికీ చువ్వల మీద నల్లపొడి తుడుచుకుంటూ పెరిగినవాళ్ళం. రైలొస్తే గాలి బాగుపడుతుందని మాకు ఊరికే చెబితే నమ్మం. బొగ్గూ ఖనిజమూ లారీలో వచ్చినా వ్యాగన్‌లో వచ్చినా, పైన కప్పు లేకుండా దించితే ధూళి మా ఇళ్ళలోకే. కన్వేయర్లకి, నిల్వ చేసే చోటుకి, వ్యాగన్లకి కప్పు ఉండాలని కూడా రాయమ్మా. కార్బన్ లెక్కలో ఈ ధూళి కనబడదు, మా పిల్లల ఊపిరితిత్తుల్లో కనబడుతుంది.

జవాబు: వాల్తేరు కంట్రోల్, రిటైర్డ్

వన్‌టౌన్ అమ్మగారు చెప్పింది తప్పకుండా రాయాలి.

రోడ్డు వద్దని నేననను. కొండగావ్, కోరాపుట్ మనుషులకి ఆసుపత్రికి, మార్కెట్‌కి రావడానికి మంచి దారి కావాలి. నా బాధ ఏమిటంటే, ఆ రోడ్డు సబ్బవరం దగ్గర ఆగి లారీలన్నిటినీ మన ఊరి మీదికి వదిలేయకూడదు. రైలు కొత్తవలసకి వచ్చే ఉంది, అదేమీ దూరం కాదు. ఆ చుట్టుపక్కల ఒక సరుకు టెర్మినల్ కట్టాలి. చిన్న పార్టీల సరుకు అక్కడిదాకా లారీలో రావాలి, అక్కడ కంటైనర్లలో సర్దాలి, అక్కణ్ణుంచి టైంటేబుల్ ప్రకారం కంటైనర్ బండి బయల్దేరాలి. ఆర్టీసీ నైట్ సర్వీసు సీట్లు నిండినా నిండకపోయినా టైముకి కాంప్లెక్స్ నుంచి కదిలినట్టు కదలాలి. మొదటి కొన్నేళ్ళు సగం ఖాళీగా వెళ్తుంది, ఆ నష్టాన్ని ప్రభుత్వం ప్రణాళికలోనే రాసుకోవాలి. 2021 డిసెంబరులో గతిశక్తి కార్గో టెర్మినళ్ళ విధానం వచ్చింది, ప్రైవేటు వాళ్ళు కూడా కట్టుకోవచ్చు. కానీ టెర్మినల్ ఎన్ని కట్టినా, రేపు ఎన్నింటికి బండి అన్నదానికి జవాబు లేకపోతే పరవాడ పార్టీ లారీ తమ్ముడికే ఫోన్ చేస్తాడు.

ఫీజు గురించి. స్విస్ వాళ్ళ వరస గమనించు. ఏం కడతామో ముందు జనానికి చెప్పారు, ఓటు తీసుకున్నారు, ఫీజు డబ్బులో ఎక్కువ భాగం రైలు పనులకే పెట్టారు. మన దగ్గర కూడా ముందు బండి, తర్వాత ఫీజు. అదీ దూర ప్రయాణం చేసే పెద్ద బండ్ల మీదే, రైలు దారి ఉన్న మార్గాల్లోనే. వచ్చిన డబ్బు అదే మార్గంలో లైనుకి, టెర్మినల్‌కి, డ్రైవర్ల విశ్రాంతి గదులకి పోవాలి. అప్పుడు లారీ తమ్ముడు కూడా కాదనడని నా నమ్మకం.

నువ్వు వెంటనే చేయగలిగింది ఒకటుంది. రైల్వే వాళ్ళు ఏటా సరుకు రకాల వారీగా లోడింగ్ లెక్కలు ఇస్తారు. అందులోంచి బొగ్గు తీసేయ్. మిగిలిన సరుకులో రైలు వాటా ఎంతో, గత ఇరవై ఏళ్ళకి ఏడాదివారీగా ఒక గీత గీయి. తర్వాత సిమెంటు, కంటైనర్లు, ఎరువులు, ఆహారధాన్యాలు విడివిడిగా గీయి. 2040కి బొగ్గు సగమైతే, 45 శాతం నిలబెట్టడానికి ఆ గీతల్లో ఏది ఎంత పైకి లేవాలో లెక్కకట్టు. అంకెలు తేలాక ఇక్కడే పెట్టు. కంటైనర్ బండికి మన డివిజన్లో పాత్, అంటే టైంటేబుల్లో నడిచే ఖాళీ, ఎక్కడ దొరుకుతుందో సెక్షన్ వారీగా నేను రాసిస్తాను.