హైదరాబాద్ నుంచి జర్మనీకి కుక్కను తీసుకువెళ్లడం: మూడు వారాల్లో అవుతుందా?

మల్లి వాళ్లమ్మ, హనుమకొండ (ప్రశ్న, సెప్టెంబరు 10)

అందరికీ నమస్కారం. మా వారికి మ్యూనిక్‌లో ఉద్యోగం వచ్చింది. నవంబరు మొదటి వారంలో చేరవలసి ఉన్నందున ఆయనకు, నాకు, మూడో తరగతి చదువుతున్న మా అమ్మాయికి అక్టోబరు 28న హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా టికెట్లు తీసుకున్నాము. మాతోపాటు మల్లి కూడా రావాలి. మల్లి నాలుగేళ్ల ఊరకుక్క, బరువు పదహారు కిలోలు. వానాకాలంలో మా వీధి మోరీలో తడిసి వణుకుతూ దొరికిన పిల్లను అమ్మాయి ఒళ్లో పెట్టుకుని తెచ్చింది. అప్పటి నుంచి ఇద్దరూ ఒకే మంచం మీద పడుకుంటున్నారు.

ఏటా రేబిస్ టీకా తప్పకుండా వేయిస్తున్నాము, టీకా పుస్తకం కూడా ఉంది. గుర్తింపు నంబరుతో చర్మం కింద ఉంచే మైక్రోచిప్ మాత్రం వేయించలేదు. పెంపుడు జంతువులను విదేశాలకు పంపే ఏజెంటు ఒకరిని అడిగితే, టీకాలు సక్రమంగా ఉన్నాయి కాబట్టి ప్రయాణానికి మూడు వారాల ముందు వస్తే అన్నీ తానే చూసుకుంటానని, చిప్ చివరలో వేయించినా సరిపోతుందని చెప్పారు. ఇంకొక చోట మాత్రం నెలల తరబడి పడుతుందని చదివాను. ఇటీవల కుక్కను జర్మనీకి తీసుకువెళ్లినవారు ఎవరైనా ఉంటే దయచేసి అసలు సంగతి చెప్పగలరు.

ఇసార్ ఒడ్డున, మ్యూనిక్

నమస్కారమండీ. మేము విజయవాడ నుంచి మా కుక్కను తీసుకువచ్చి రెండేళ్లు దాటింది. అక్టోబరు 28న మల్లి మీతో రావడం కుదరదు. ఇది కఠినంగా వినిపించవచ్చు గానీ, ఇప్పుడే తెలియడం మీకు మేలు.

యూరోపియన్ యూనియన్ నిబంధనల ప్రకారం భారతదేశం నుంచి వచ్చే కుక్కకు ముందుగా అంతర్జాతీయ ప్రమాణం (ఐఎస్ఓ) ప్రకారం పదిహేను అంకెల మైక్రోచిప్ ఉండాలి. చిప్ వేసిన రోజున గానీ, ఆ తర్వాత గానీ వేసిన రేబిస్ టీకానే లెక్కలోకి తీసుకుంటారు. ఆ టీకా తర్వాత కనీసం 30 రోజులు ఆగి రక్తం తీయించి, యూరోపియన్ కమిషన్ గుర్తించిన ల్యాబ్‌లో యాంటీబాడీల పరీక్ష చేయించాలి, మిల్లీలీటరుకు 0.5 అంతర్జాతీయ యూనిట్లకు తగ్గకుండా ఫలితం రావాలి. ఫలితం వచ్చిన రోజు నుంచి కాదు, రక్తం తీసిన రోజు నుంచి మూడు నెలలు గడిచిన తర్వాతే జర్మనీలో అడుగు పెట్టనిస్తారు. మీరు ఈ నెల 13న చిప్, టీకా రెండూ వేయించారనుకుందాం. అక్టోబరు 13 తర్వాత రక్తం, జనవరి మధ్య తర్వాత ప్రయాణం. దీన్ని తగ్గించే దారి ఏ ఏజెంటు దగ్గరా లేదు. ఇన్నేళ్లుగా మీరు వేయించిన టీకాలన్నీ చిప్‌కు ముందువి కాబట్టి కాగితం మీద లేనట్టే.

ఇక్కడ మీ కుటుంబం జాగ్రత్తగా ఆలోచించుకోవలసిన విషయం ఒకటి ఉంది. యజమాని ప్రయాణించిన తేదీకి ముందు గానీ, తర్వాత గానీ 5 రోజుల లోపు కుక్క ప్రయాణిస్తేనే దాన్ని పెంపుడు జంతువు సొంత ప్రయాణంగా పరిగణిస్తారు. మీరు ముగ్గురూ అక్టోబరులో వచ్చేసి, మల్లిని ఫిబ్రవరిలో ఒంటరిగా పంపిస్తే అది వాణిజ్య రవాణా కిందికి వస్తుంది. దానికి నిబంధనలు వేరు, ఖర్చు కూడా చాలా ఎక్కువ. కాబట్టి మీ వారు ముందు వచ్చి ఉద్యోగంలో చేరి ఇల్లు చూసుకోవడం, మీరు, పాప, మల్లి తర్వాత కలిసి రావడం మంచిదని నా అభిప్రాయం. చిప్ నమోదు, టీకా పుస్తకం, ల్యాబ్ ఫారం అన్నింటిలోనూ యజమానిగా మీ పేరే రాయించండి.

మాకు జరిగిన పొరపాటు కూడా చెబుతాను. మా పశువైద్యులు ల్యాబ్ ఫారం నింపేటప్పుడు చిప్ నంబరులో చివరి రెండు అంకెలను తారుమారు చేశారు. ఎవరూ గమనించలేదు. ప్రయాణానికి వారం ముందు ఆరోగ్య ధ్రువపత్రం కోసం వెళ్లినప్పుడు అధికారి స్కానర్‌ను మెడ మీద ఆనించి, తెర మీది నంబరును, ల్యాబ్ నివేదికను పక్కపక్కన పెట్టి వేలితో ఒక్కొక్క అంకె చూసుకుంటూ వచ్చి చివర్లో ఆగిపోయారు. ల్యాబ్ వారు సవరించిన నివేదిక పంపేదాకా మాకు నిద్ర లేదు. రక్తం తీసే రోజున మీరే దగ్గర ఉండి, ముందుగా చిప్ స్కాన్ చేయించి, ఆ నంబరును సీసా మీద, ఫారం మీద ఒక్కొక్క అంకె చదివి సరిచూసుకోండి.

ఆ ఆరోగ్య ధ్రువపత్రాన్ని మామూలు పశువైద్యులు ఇస్తే చెల్లదు. కేంద్ర పశుసంవర్ధక శాఖ కింద పనిచేసే ఏక్యూసీఎస్ (జంతు క్వారంటైన్, ధ్రువీకరణ సేవల విభాగం) అధికారి, యూరోపియన్ యూనియన్ తాజా నమూనాలో ఇవ్వాలి. ఈ కార్యాలయం హైదరాబాద్‌లోనూ ఉంది. ధ్రువపత్రం ఇచ్చిన రోజు నుంచి 10 రోజుల లోపు యూరప్‌లో తనిఖీ పూర్తి కావాలి కాబట్టి, దాన్ని మరీ ముందుగా తీసుకోకూడదు. అమ్మడానికి తీసుకురావడం లేదని మీరు సంతకం చేసే ప్రకటన కూడా జతచేయాలి. మీరు ముందుగా దిగేది ఫ్రాంక్‌ఫర్ట్ కాబట్టి తనిఖీ అక్కడే జరుగుతుంది. కస్టమ్స్ వద్ద ఎరుపు దారిలోకి వెళ్లి కుక్క ఉందని మీరే చెప్పాలి. మ్యూనిక్ విమానానికి మధ్యలో కనీసం నాలుగు గంటలైనా ఉండేలా చూసుకోండి.

ఇల్లు వెతికేటప్పుడు కుక్క ఉందని మీ వారు మొదటే చెప్పడం మంచిది. కుక్కలను, పిల్లులను పూర్తిగా నిషేధించే అద్దె ఒప్పంద నిబంధన చెల్లదని జర్మనీ సమాఖ్య న్యాయస్థానం 2013లో తీర్పు ఇచ్చిన మాట నిజమే గానీ, ఆ తీర్పు ప్రకారం కూడా ఏ ఇంటికి ఆ ఇంటి పరిస్థితిని బట్టి నిర్ణయం ఉంటుంది. ఊరి పాలకవర్గానికి ఏటా కుక్క పన్ను కట్టాలి. నేను నమోదు చేయించిన ఏడాది మ్యూనిక్‌లో అది 100 యూరోలు.

పశువైద్యుడు, కరీంనగర్

పై సమాధానంలోని క్రమం సరైనదే. కారణం తెలిస్తే ఈ నాలుగు నెలల నిరీక్షణ కొంత సహించుకోగలరని రాస్తున్నాను. టీకా పడిన తర్వాత రక్తంలో యాంటీబాడీలు తగిన స్థాయికి చేరడానికి 30 రోజుల గడువు ఇచ్చారు. మూడు నెలల గడువుకు కారణం వేరు: టీకాకు ముందే కుక్కకు రేబిస్ సోకి ఉంటే, లక్షణాలు బయటపడటానికి వారాలు, నెలలు కూడా పట్టవచ్చు. ఆ వ్యవధిలో కుక్క ఆరోగ్యంగా ఉన్నదంటే ఆ అనుమానం చాలావరకు తీరుతుంది. జర్మనీ వారు టీకా మందు నింపిన ఎరలను ఏళ్ల తరబడి అడవుల్లో నక్కల కోసం చల్లి, 2008 నాటికి నేల మీది జంతువుల్లో రేబిస్ లేకుండా చేసుకున్నారు. మన దగ్గర నేటికీ కుక్కకాటుతో ప్రాణాలు పోతున్నాయి. అందుకే ఈ పట్టింపు నాకు న్యాయంగానే అనిపిస్తుంది.

మల్లికి ఇన్నేళ్లు వేయించిన టీకాలు వృథా పోలేదమ్మా. కాగితానికి లెక్కలేకపోయినా ఒంటికి లెక్కే. మొదటిసారి టీకా వేసుకున్న కుక్కల్లో కొన్నిటికి ఒక్క మోతాదుతో 0.5 దాటడం కష్టమవుతుంది. ఏటా వేయించుకున్న కుక్కకు కొత్త మోతాదు పడగానే యాంటీబాడీలు సాధారణంగా త్వరగా పెరుగుతాయి. ఒకసారి ఉత్తీర్ణమైన తర్వాత, గడువు తీరకముందే ప్రతిసారీ టీకా వేయిస్తూ పోతే ఆ పరీక్ష జీవితాంతం చెల్లుతుంది. ఒక్క రోజు ఆలస్యమైనా మొత్తం మళ్లీ మొదలు.

ప్రయాణం రోజున నిద్రమాత్ర ఇవ్వమని చాలామంది అడుగుతారు. నేను ఇవ్వను. మత్తు మందు రక్తపోటును తగ్గిస్తుంది, ఒంటి వేడిని సర్దుకునే శక్తిని దెబ్బతీస్తుంది, నిలబడలేక బోనులో వాలిపోయిన కుక్కను ఆ ఎత్తులో చూసేవారు ఎవరూ ఉండరు. మత్తులో ఉన్న జంతువును విమానయాన సంస్థలు వెనక్కి పంపుతాయి కూడా. ఇంకొక మాట: మన ప్రాంతపు కుక్కల్లో గోమార్ల వల్ల వచ్చే జ్వరం పైకి తెలియకుండా దాగి ఉండటం సాధారణం. రక్తం తీసేటప్పుడే ఆ జ్వరం తెచ్చే ఎర్లికియా అనే సూక్ష్మజీవి కోసం పరీక్ష కూడా చేయించండి. ఉంటే నయం చేయడానికి ఈ నాలుగు నెలలు చక్కగా సరిపోతాయి.

బోయినపల్లి బ్రూనో, సికింద్రాబాద్

మేము మా కుక్క బ్రూనోను విదేశానికి తీసుకువెళ్లలేదు. వాడికి పదమూడేళ్లు, గుండె జబ్బు; పైగా పగ్ కాబట్టి పొట్టి ముక్కు. అటువంటి కుక్కలకు ఊపిరి అందడం కష్టమని చాలా విమానయాన సంస్థలు వాటిని విమానంలో సామాన్లు పెట్టే కింది అరలో తీసుకోవు. సామర్లకోటలో మా అత్తగారి దగ్గర వదిలాము. చివరిదాకా ఆవిడ వాకిట్లోనే ఎండ కాచుకుంటూ గడిపాడు. ఆ నిర్ణయం పట్ల నాకు పశ్చాత్తాపం లేదు. మల్లి విషయం మాత్రం వేరు. నాలుగేళ్ల ఆరోగ్యవంతమైన ఊరకుక్క, పొడుగు ముక్కు, పాపతో అంత అనుబంధం. తప్పకుండా తీసుకువెళ్లండి.

క్రేటును (ప్రయాణంలో కుక్కను ఉంచే బోనును) మాత్రం వెంటనే కొనండి. మా ఇంకొక కుక్కను గత ఏడాది మా అబ్బాయి దగ్గరికి పంపినప్పుడు మూడు నెలల ముందే కొన్నాము. మొదటి పది రోజులు తలుపు తీసేసి, లోపల నా పాత చీర పరిచి అన్నం గిన్నె లోపలే పెట్టాను. ముందు మెడ మాత్రమే చాచి తిన్నది, వెనుక కాళ్లు బయటే. ఒకరోజు మధ్యాహ్నం తనంతట తానే లోపలికి వెళ్లి చుట్టుకుని పడుకుంది. ఆ తర్వాతే తలుపు పెట్టి, ఐదు నిమిషాలు, పావుగంట, గంట అని పెంచుతూ వచ్చాము. ప్లాస్టిక్ క్లిప్పులు తీసేసి ఇనుప బోల్టులు బిగించండి, చక్రాలుంటే ఊడదీయాలి, బయటి నుంచి నీళ్లు పోయగలిగే గిన్నెను తలుపుకు తగిలించాలి.

మల్లి వాళ్లమ్మ, హనుమకొండ (అక్టోబరు 20)

మీ అందరికీ మనఃపూర్వక కృతజ్ఞతలు. ఆ ఏజెంటును మళ్లీ కలవలేదు. సెప్టెంబరు 13న చిప్, టీకా రెండూ అయ్యాయి. చిప్ బియ్యపు గింజంతే ఉన్నా సూది లావుగా ఉంది. మల్లి కుయ్యిమని ఒకసారి అరిచి, వెంటనే అమ్మాయి చంకలో తల దూర్చింది. అక్టోబరు 16న రక్తం తీశారు. ఇసార్ గారు చెప్పినట్టే పదిహేను అంకెలనూ నేను పైకి చదువుతుంటే డాక్టరు గారు సీసా మీద రాశారు. ఎర్లికియా ఉన్నట్టు తేలింది, మందులు మొదలుపెట్టాము. చెప్పకపోతే ఆ పరీక్ష చేయించేవాళ్లమే కాదు.

మా వారు ఒక్కరే 28న బయలుదేరుతున్నారు. మా ఇద్దరి టికెట్లను జనవరి 30కి మార్చుకున్నాము. అమ్మాయి రెండు రోజులు ఏడ్చింది గానీ, మల్లిని వదిలి వెళ్లడం కంటే నాన్నను మూడు నెలలు వదిలి ఉండటమే నయమని తనే తేల్చి చెప్పింది.

క్రేటు కొలతలు సరిచూడమని కోరుతున్నాను. ముక్కు కొస నుంచి తోక మొదలు దాకా 74 సెంటీమీటర్లు, నేల నుంచి ముంగాలి మోచేయి దాకా 38, నిలబడితే చెవి కొస దాకా 62, భుజాల వెడల్పు 20. పొడవుకు కాలి కొలతలో సగం కలిపితే 93, వెడల్పు రెట్టింపు చేస్తే 40 వచ్చింది. ఎత్తు 62కు పరుపు మందం కలపాలని దుకాణంలో అన్నారు. మల్లి చెవులు నిక్కబొడుచుకుని ఉంటాయి కాబట్టి ఎత్తు ఇంకొంచెం ఎక్కువ తీసుకోవడం మంచిదా?

ఇసార్ ఒడ్డున, మ్యూనిక్

లెక్క సరిగ్గా ఉందండీ. అంతకంటే తగ్గకుండా, ఎత్తు 70కి దగ్గరగా దొరికితే తీసుకోండి. చెవులు పైకప్పుకు తగిలితే కౌంటర్ దగ్గరే ఆపేస్తారు. అయితే ఆ కొలత మీ విమానం అర తలుపులో పడుతుందో లేదో కొనకముందే అడిగి, మల్లికి చోటు కేటాయించినట్టు రాతపూర్వకంగా తెప్పించుకోండి. ఒక్కొక్క విమానంలో జంతువులకు ఉండే చోట్లు కొద్దే. జనవరి చివర ఇక్కడ మంచు ఉంటుంది కాబట్టి, మల్లికి ఒక మందపాటి కోటును మీ వారి చేత విమానాశ్రయానికి తెప్పించండి.