పాత సినిమా రెండోసారి ఎందుకు చూడరు? కర్నూలు, అనంతపురం, కడప వాళ్లు చెప్పండి

బురుజు_కర్నూలు:
మన సీడెడ్‌లో (రాయలసీమలో) రీ-రిలీజ్ అంటే హీరో పుట్టినరోజు ఆటే. పాటకు కాగితాలు చల్లుతారు, ఈలల్లో డైలాగు ఒక్కటి వినపడదు. ఇంటిల్లిపాదీ వచ్చి కుదురుగా చూసే ఆట ఏ హాల్లో వేస్తున్నారు?

క్యాబిన్_కడప:
అన్నా, హాలు కష్టం కూడా చూడు. హార్డ్‌డిస్క్‌లో సినిమా ఉన్నా కేడీఎం కీ, అంటే ఆ సినిమా తాళం తీసే డిజిటల్ కీ, లేకుంటే ఆడదు. ఆ కీ హాల్లో సినిమా ఆడించే ఒక్క సర్వర్‌కే, ఇచ్చిన గడువు వరకే. జనం వస్తున్నారని గడువు దాటి ఆట పెంచాలన్నా కొత్త కీ తెప్పించాల. ఇంకో కష్టం తెర కొలత. 1974లో అల్లూరి సీతారామరాజు వచ్చేదాకా తెలుగులో స్కోపు (వెడల్పు తెర బొమ్మ) లేదు. అంతకుముందువి ఎక్కువ 1.37:1 బొమ్మలు, అంటే ఎత్తు ఒకటైతే వెడల్పు 1.37. స్కోపు తెర మీద వేసేటప్పుడు రెండు పక్కలా నల్ల మాస్కింగు గుడ్డ దగ్గరికి లాగాల. లాగకుంటే పక్కలు బూడిదగా కనపడి బొమ్మ వెలిసిపోయినట్టు ఉంటాది. తెర నిండాలని జూమ్ చేస్తే తలలు తెగుతాయి.

తాడిపత్రి_సౌండు:
కథ తెలుసు కాబట్టి చూడరనే మాట నేను ఒప్పుకోను. మా తాడిపత్రిలో పుట్టిన కె.వి.రెడ్డి తీసిన మాయాబజార్ (1957) కథ తెలీనోళ్లెవరు? 2010లో రంగులేసి వదిలితే మళ్లీ హాలుకు పోయినారు. ఇంట్లో దెబ్బకొట్టేది కాపీ. నెట్‌లో శానా పాతవి వీసీడీ నుంచి ఎక్కించినవే, బొమ్మ 352×288 చుక్కలు. పైగా సెకనుకు 24 ఫ్రేముల సినిమాను 25కు తిప్పుతారు. ఘంటసాల గొంతు అరస్వరానికి కొంచెం తక్కువగా పైకి లేస్తాది, విన్న పాటే అదోరకంగా ఉంటాది.

కాపీ వేగం పెరిగిందా, కోసేసినారా అని కనుక్కునేది ఇట్లా: మొదట్లో వచ్చే సెన్సార్ సర్టిఫికేట్ మీద శానావాటికి ఫిల్మ్ పొడవు మీటర్లలో ఉంటాది. 35 ఎం.ఎం. ఫిల్మ్ నిమిషానికి 27.36 మీటర్లు. 4,377 మీటర్లంటే 160 నిమిషాలు. కాపీ 153న్నర దగ్గర ఉంటే వేగం పెరిగినట్టు. 140 ఉంటే పాటో, సీనో కోసేసినారు.

పెన్నేటి_గట్టు:
వేగం పెరిగిన కాపీని సరిచేసేదెట్లన్నా?

తాడిపత్రి_సౌండు:
కంప్యూటర్‌లో వీఎల్‌సీ ప్లేయర్‌లో వేగం 0.96 పెట్టు. ఆడియో సెట్టింగుల్లో టైమ్ స్ట్రెచింగ్ (వేగం మారినా శ్రుతి మారకుండా పట్టే సెట్టింగు) తీసెయ్, లేకుంటే వేగం తగ్గినా శ్రుతి దిగదు. కోసేసిన కాపీకి మందు లేదు, వేరేది వెతకాల్సిందే.

క్యాబిన్_కడప:
టీవీలో పిక్చర్ సైజు 4:3కి మార్చు, మొహాలు సాగవు. మోషన్ స్మూతింగ్ (కదలికను నున్నగా చేసే టీవీ సెట్టింగు) ఆపు. పాత మోనో (ఒకే చానల్) సౌండుకు సరౌండ్ వద్దు, స్టీరియో పెడితే మాట తేటగా వస్తాది.