జీడి అంటే ఏ చెట్టు?

నిర్మల్ దగ్గర పాత ఇల్లు కొన్నాం. పెరట్లో గోడవారన పేరు తెలియని చెట్టొకటి ఉంది. మూరెడు పొడుగు ఆకులు, నారింజ రంగు చిన్న పండు, దాని కొసన అతుక్కుని నల్లటి పిక్క. పక్కింటి అవ్వ "గది జీడి చెట్టు బిడ్డా" అంది. ఇంకేదో చెప్పబోతుంటే వినకుండా, ఫ్రీగా జీడిపప్పు దొరికిందని రాయి తీసుకుని కొట్టాను. రసం చేతిమీద చిమ్మింది. మర్నాటికి మంట, పొక్కులు. అవ్వ తప్పు చెప్పిందా, నాకే తెలుగు రాదా?

*

అవ్వ చెప్పింది అచ్చ తెలుగండీ. మీరు కొట్టింది నల్లజీడి, సంస్కృతంలో భల్లాతకం. అసలు జీడి అదే. మనం పాయసంలో వేసుకునేది 16వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్లు బ్రెజిల్ నుంచి తెచ్చిన చెట్టుది. దానికీ పండు కొసన పిక్క బయటికే వేలాడుతుంది కాబట్టి మనవాళ్లు ఊళ్లో ఉన్న జీడితో పోల్చి జీడిమామిడి అన్నారు. (మామిడి అనడమూ ఊరికే పోలేదు, ఈ మూడూ ఒకే కుటుంబం.) తర్వాత మామిడి రాలిపోయి వట్టి జీడిపప్పు మిగిలింది. కొత్తది పేరు పట్టుకుపోయేసరికి పాతది "నల్ల" తగిలించుకోవాల్సి వచ్చింది.

లాటిన్‌లోనూ ఇదే తంతు. అనకార్డియం అన్నది యూరప్ వైద్యుల దగ్గర నల్లజీడి పేరు. స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లినేయస్ 1753లో ఆ పేరుని తీసుకెళ్లి జీడిమామిడికి పెట్టాడు. నల్లజీడికి సెమీకార్పస్ దక్కింది, అంటే గుర్తుకాయ. చాకళ్లు బట్టలమీద గుర్తులు పెట్టింది ఆ రసంతోనే. ఉతికినా పోదు. "జీడిలా పట్టుకున్నాడు" అనేది అందుకే వచ్చిందని నా నమ్మకం. తిరనాళ్లలో అమ్మే బెల్లం జీళ్లు, సాగదీసే జీడిపాకం కూడా ఆ జిగట వల్లే అయ్యుంటాయి. కాదంటే చెప్పండి.

ఆకు చూస్తే ఇంక పొరపాటు పడరు. జీడిమామిడి ఆకు జానెడు కూడా ఉండదు, కొస గుండ్రంగా, తోలులా మందంగా ఉంటుంది. నల్లజీడి ఆకు చాలా పెద్దది, అడుగుపక్క తెల్లబారి ఉంటుంది.

*

మాది పలాస పక్క ఉద్దానం. మా దగ్గర అవి జీడితోటలే, మామిడి అన్న మాట ఎవరూ కలపరు. పప్పు వేరు, పిక్క వేరు. రైతు అమ్మేది పిక్కలు, 80 కిలోల బస్తా లెక్కన. ఆ పిక్క తొక్కలో కూడా మంట పుట్టించే నూనే ఉంటుంది సార్. పిక్కలు కొట్టే ఆడవాళ్ల వేళ్లు నల్లబడిపోతాయి. కాబట్టి నల్లజీడి ఒక్కటే దుర్మార్గురాలు కాదు.

*

ముంతమామిడి అనే పేరు కూడా ఉందిగా, జీడిమామిడికి? పండు చూస్తే బోర్లించిన ముంతే. ఆ పేరే నిలబడి ఉంటే ఇంత గొడవే లేదు!

*

అందరికీ థాంక్స్. పొక్కులు మాడిపోతున్నాయి. ఇవాళ అవ్వని మళ్లీ అడిగితే, నవ్వి, సందుగ పెట్టెలోంచి తాతగారి పంచె తీసి చూపించింది. అంచు మూలన రెండు నల్లచుక్కలు, కింద ఒక గీత. ఆ ఇంటి గుర్తట. పంచె జల్లెడైపోయింది గానీ చుక్కలు మాత్రం నిన్న పెట్టినట్టున్నాయి. చెట్టు కొట్టించట్లేదు. పిల్లలు అటు పోకుండా చుట్టూ కంచె వేయిస్తున్నాను.