చర్చ: దుబాయ్ నుంచి శంషాబాద్‌కు బంగారం, టీవీ – ఎంతవరకు తేవచ్చు?

డేరా_జగిత్యాల: రెండేళ్ల తర్వాత వచ్చే నెల ఇంటికి వస్తున్నా, చెల్లె పెళ్లి ఉంది. మా ఆవిడ రెండు నెలల కింద విజిట్ వీసా మీద ఇక్కడికి వచ్చింది, ఇద్దరం కలిసే వస్తున్నాం. ఇద్దరికీ కలిపి ఆరు తులాల నగలు తేవచ్చా? 55 ఇంచుల టీవీ? మందు ఎంత? ఒక కొత్త ల్యాప్‌టాప్ కూడా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి అన్నా.

కోనసీమ_మస్కట్: టీవీ జోలికి పోకు తమ్ముడూ. ఫ్లాట్ టీవీకి 2013 నుంచి ఫ్రీ అలవెన్స్ (కస్టమ్స్ డ్యూటీ కట్టకుండా తెచ్చుకునే వీలు) లేదు. 2019లో నేను 43 ఇంచులది తెచ్చి 38.5 శాతం డ్యూటీ కట్టాను. నా బిల్లు పక్కనపెట్టి వాళ్ల దగ్గరున్న ధర మీద లెక్క వేశారు. ఇంటికొచ్చి అట్టపెట్టె విప్పితే స్క్రీన్ మీద పైనుంచి కిందిదాకా గీత. ఆ డబ్బుకి అమలాపురంలోనే వారంటీతో వచ్చేది.

మలక్‌పేట_మామ: ఆడవాళ్లకు నాలుగు తులాలు, మగవాళ్లకు రెండు. మొత్తం ఆరు. లెక్క సరిపోయింది, నిశ్చింతగా రా. మా ఇంటామె నాలుగుసార్లు వచ్చింది, ఒక్కరూ ఆపలేదు.

రెడ్‌ఛానల్: దయచేసి ఇలా చెప్పకండి. కస్టమ్స్ నుంచి సరుకు విడిపించే క్లియరింగ్ ఏజెంట్ దగ్గర పద్దెనిమిదేళ్లు పనిచేసినవాణ్ని. ఆడవాళ్లకు 40 గ్రాములు, మిగతావాళ్లకు 20 గ్రాముల మినహాయింపు విదేశంలో ఏడాదికి మించి ఉన్నవాళ్లకే. ఈ తమ్ముడికి 20 వర్తిస్తుంది. రెండు నెలలే ఉన్న భార్యకు ఆ 40 వర్తించదు. ఒకరి అలవెన్స్ ఇంకొకరికి కలపరు కూడా.

మలక్‌పేట_మామ: అన్నీ తెలిసినట్టు మాట్లాడుతున్నారు, మరి ఆడవాళ్ల నగల విలువ మీద లక్ష రూపాయల పరిమితి మాటెందుకు ఎత్తలేదు?

రెడ్‌ఛానల్: అది 2016 రూల్స్. 2026 ఫిబ్రవరిలో కొత్తవి వచ్చాయి. నగలకు ఇప్పుడు బరువే లెక్క, విలువ పరిమితి తీసేశారు. మామూలు సామాన్ల అలవెన్స్ 50,000 నుంచి 75,000 రూపాయలైంది. ఏడాది షరతు మాత్రం అలాగే ఉంది. మీ ఇంటావిడను ఆపలేదంటే అడగలేదని అర్థం, రూల్ లేదని కాదు.

నిజామాబాద్_అక్క: అందరూ తులాలు మానేసి గ్రాముల్లో రాయండి, దండం పెడతా! ఆరేళ్లు కువైట్‌లో పనిచేసి ఈ మార్చిలో వచ్చాను. షాపులో నాలుగు తులాలు అన్నాను, అతను వాళ్ల టోలా లెక్కలో ఇచ్చాడు. తీరా కౌంటర్‌లో తూకం వేస్తే 46 గ్రాములు దాటింది. చంకలో పిల్లాడు ఏడుస్తున్నాడు, నేను పర్సు వెతుక్కుంటున్నాను.

మలక్‌పేట_మామ: తులం అంటే పది గ్రాములే. మీ షాపువాడు మోసం చేశాడు.

కోనసీమ_మస్కట్: మాకు తులం లెక్కే లేదు, సవర ఎనిమిది గ్రాములు. ఐదు సవర్లు 40.

రెడ్‌ఛానల్: మోసం ఏమీ కాదు. పాత తులం 11.66 గ్రాములు. దుబాయ్‌లో పది టోలాల బిస్కెట్ అంటే ఇప్పటికీ 116.64 గ్రాములు. బిస్కెట్లు, నాణేలు నగలు కావు, వాటికి ఈ మినహాయింపు లేదు.

నిజామాబాద్_అక్క: చూశారా మామా! ఇంకో మాట తమ్ముడూ, నీ భార్య ఇండియా నుంచి వేసుకొచ్చిన పుస్తెలతాడు, గాజుల బిల్లులు, పాత ఫొటోలు ఫోన్‌లో పెట్టుకోండి. ఇండియా నుంచి బయల్దేరేటప్పుడే కస్టమ్స్‌లో ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ (ఆ నగలు ఇక్కణ్నుంచే వెళ్లాయనే కాగితం) తీసుకుంటే ఈ టెన్షనే ఉండదు.

డల్లాస్_గుంటూరు: మాకు బంగారం కాదు, కరివేపాకు కొంప ముంచింది. ఇక్కడి ఎయిర్‌పోర్టులో తిండి పదార్థాలున్నాయా అని అడిగితే అమ్మ భయంతో లేవంది. ఆవకాయ సీసాల మధ్య న్యూస్‌పేపర్‌లో చుట్టిన పచ్చి కరివేపాకు దొరికింది. 300 డాలర్ల ఫైన్. ఆవకాయ వదిలేశారు. అమ్మ ఆ రాత్రి అన్నం ముట్టలేదు. అమెరికా వచ్చే పెద్దవాళ్లకు ముందే చెప్పండి, ఉన్నది ఉన్నట్టు చెబితే మహా అయితే పారేస్తారు.

కోనసీమ_మస్కట్: దుబాయ్ తిరిగి వెళ్లేటప్పుడు గసగసాలు మాత్రం వద్దు. అక్కడ అవి మత్తుపదార్థం కిందే లెక్క. ఇంట్లోవాళ్లు కట్టిచ్చిన మసాలా పొడిలో కూడా ఉంటాయి, అమ్మని అడిగి మరీ సర్దుకో.

మలక్‌పేట_మామ: మందు సంగతి నేను చెప్తా. మనిషికి రెండు లీటర్లు. దిగాక డ్యూటీ ఫ్రీలో కొన్నదీ అందులోకే వస్తుంది. ఇదైనా కరెక్టేనా సార్?

రెడ్‌ఛానల్: కరెక్టే. సిగరెట్లు మాత్రం 100.

డేరా_జగిత్యాల: అందరికీ థ్యాంక్స్. టీవీ మానేశా. నగలు 20 గ్రాముల లోపే, నా పేరు మీద బిల్లుతో తెస్తా, మిగతాది జగిత్యాలలోనే చేయిస్తాం. ల్యాప్‌టాప్ సంగతి ఎవరూ చెప్పలేదు.

రెడ్‌ఛానల్: పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లకు ఒకటి ఫ్రీ. ధైర్యంగా తెచ్చుకో.

నిజామాబాద్_అక్క: 20 గ్రాముల్లో చెల్లెకి ఏం తీస్తున్నావు తమ్ముడూ? గొలుసైతే తూకం నీ కళ్ల ముందే గ్రాముల్లో వేయించు.